లీటర్లు లెక్కపెట్టకుండా చమురు దిగుమతి తగ్గదు

2015 మార్చిలో ఢిల్లీలో ‘ఊర్జా సంగమ్’ సదస్సు జరిగింది. దేశం వాడే చమురులో 77 శాతం బయటి నుంచే వస్తోందని, స్వాతంత్ర్యానికి 75 ఏళ్ళు నిండే 2022 నాటికి ఈ దిగుమతిని 10 శాతం తగ్గించుకోవాలని ప్రధాని నరేంద్ర మోదీ అక్కడ లక్ష్యం పెట్టారు. గడువు దాటింది. అంకె దిగకపోగా 2024-25లో 88 శాతం పైకి వెళ్ళింది. ఆ ఒక్క ఏడాదే 24 కోట్ల టన్నులకు పైగా ముడి చమురు ఓడల్లో దిగింది. బిల్లు సుమారు 13,700 కోట్ల డాలర్లు.

సొంత బావులతో ఈ లోటు పూడ్చుకుంటామన్న ఆశ ఎప్పుడో సన్నగిల్లింది. 2011-12లో 3.8 కోట్ల టన్నులు తీసిన దేశం ఇప్పుడు 2.9 కోట్ల టన్నుల దగ్గర ఆగింది. కాకినాడ తీరానికి ఎదురుగా లోతు సముద్రంలో ఓఎన్‌జీసీ 98/2 బ్లాకు నుంచి 2024 జనవరిలో చమురు మొదలైంది. మంచిదే, కానీ పాత బావుల్లో తగ్గుతున్న దిగుబడిని భర్తీ చేయడానికే అలాంటివి సరిపోతున్నాయి. ఆపదలో ఆదుకోవాల్సిన వ్యూహాత్మక నిల్వల సంగతీ అంతే. విశాఖపట్నంలో కొండ తొలిచి కట్టిన గుహల్లో పట్టేది 13.3 లక్షల టన్నులు. మంగళూరు, పాదూరు కూడా కలిపితే 53.3 లక్షల టన్నులు. మూడూ నిండుగా ఉన్నా దేశానికి పది రోజులకు మించి రావు.

కాబట్టి తగ్గాల్సింది వాడకమే. వాడకం తగ్గించడానికి దేశంలో విధానాలకు కొరతేమీ లేదు: ఎలక్ట్రిక్ వాహనాలకు సబ్సిడీ, పెట్రోల్లో ఇథనాల్, మెట్రోలు, రైల్వే విద్యుదీకరణ, పాత బండ్ల తుక్కు విధానం. వీటి ఫలితాలు ప్రకటించేటప్పుడు మాత్రం ఎన్ని బండ్లు అమ్ముడయ్యాయి, ఎన్ని చార్జింగ్ స్టేషన్లు పెట్టాం, ఎన్ని కోట్లు విడుదల చేశాం అనే చెబుతారు. ఏ బండి ఏడాదికి ఎన్ని లీటర్లు తాగేది, ఇప్పుడు ఎన్ని లీటర్లు ఆగాయి అన్న లెక్క కనపడదు. అసలు లోపం అక్కడే ఉంది.

చమురు ఎక్కడ పోతోంది

పెట్రోలియం శాఖ కింద పనిచేసే పెట్రోలియం ప్లానింగ్ అండ్ అనాలిసిస్ సెల్ కోసం నీల్సన్ సంస్థ 2012-13లో బంకుల దగ్గర ఒక సర్వే చేసింది. పాతదే అయినా ఇప్పటికీ చాలామంది దాన్నే ఆధారంగా తీసుకుంటారు. దాని ప్రకారం డీజిల్లో 70 శాతం రవాణాకే పోతుంది. లారీలు, చిన్న గూడ్స్ బండ్లు 28 శాతం, సొంత కార్లు 13, బస్సులు తొమ్మిదిన్నర, ట్యాక్సీలు 9, మూడు చక్రాల బండ్లు 6 శాతానికి పైగా, రైళ్ళు 3 శాతం చిల్లర తాగుతాయి. పొలం పనులది 13 శాతం. పెట్రోల్ దాదాపు మొత్తం రవాణాదే. అందులో 61 శాతం ద్విచక్ర వాహనాలది, 34 శాతం కార్లది.

2024-25లో దేశం 9.1 కోట్ల టన్నుల డీజిల్, 4 కోట్ల టన్నుల పెట్రోల్ వాడింది. లీటర్లలోకి మారిస్తే డీజిల్ సుమారు 11,000 కోట్లు, పెట్రోల్ సుమారు 5,400 కోట్లు. పాత సర్వే వాటాలనే వీటికి వర్తింపజేస్తే లారీలు 3,100 కోట్ల లీటర్లు, ద్విచక్ర వాహనాలు 3,300 కోట్ల లీటర్లు తాగుతున్నాయి. సర్వే నాటితో పోలిస్తే డీజిల్ కార్లు బాగా తగ్గాయి, రైళ్ళు కరెంటుకు మారాయి. అంటే లారీల వాటా ఇంకా పెరిగే ఉంటుంది.

లారీలూ ద్విచక్ర వాహనాలూ దాదాపు సమానంగానే తాగుతున్నా, రిజిస్టరైన ద్విచక్ర వాహనాలు కోట్లలో ఉంటే భారీ లారీలు లక్షల్లో ఉన్నాయి. 55 టన్నుల ట్రైలర్ రోజుకు 350 కిలోమీటర్ల చొప్పున 300 రోజులు తిరిగితే, లీటరుకు 3 కిలోమీటర్ల లెక్కన ఏడాదికి 35,000 లీటర్లు. రోజుకు 25 కిలోమీటర్లు తిరిగే మామూలు బైకు ఏడాదికి తాగేది 180 లీటర్లు. ఒక్క ట్రైలర్ కరెంటుకు మారితే 190 బైకులు మారినట్టు. ఇక 25 లక్షల రూపాయల కారు కొనే కుటుంబం ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిప్పితే ఆగేది 670 లీటర్లు.

ఇప్పుడు సబ్సిడీలు ఎటు పోతున్నాయో చూడండి. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు దాకా ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తేసింది. ధర మీద పరిమితి పెట్టలేదు. 18 శాతం పన్ను లెక్కేసుకున్నా 25 లక్షల కారుకు ఖజానా వదులుకునేది నాలుగున్నర లక్షలు. ఆ సొమ్ముతో ఏటా ఆగేది 670 లీటర్లు. ఎలక్ట్రిక్ వాహనాల కోసం కేంద్రం పెట్టిన పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద ఎలక్ట్రిక్ లారీకి ఇచ్చే గరిష్ఠ సాయం 9.6 లక్షలు. దానితో ఏటా ఆగేవి 35,000 లీటర్లు. లీటరుకు ఎంత పడుతోందో ఎవరైనా లెక్కేసి ఉంటే కారు మినహాయింపుకు ఒక పరిమితి పెట్టేవారు, లారీకి ఇంకా పెంచేవారు. జరుగుతున్నది తలకిందులుగా ఉంది: 10,900 కోట్ల పీఎం ఈ-డ్రైవ్‌లో లారీల వాటా 500 కోట్లే. 5,600 బండ్లకు అది సరిపోతుంది.

రైలు ఎందుకు ఎక్కడం లేదు

లారీ డీజిల్ తగ్గించడానికి అన్నిటికన్నా పెద్ద దారి సరుకును రైలెక్కించడం. బ్రాడ్‌గేజ్ మార్గాలు దాదాపు పూర్తిగా విద్యుదీకరించేశారు కనక పట్టాల మీదికి మళ్ళిన ప్రతి టన్నూ నేరుగా చమురు నుంచి బయటపడుతుంది. పది చక్రాల లారీ 20 టన్నులతో లీటరుకు 4 కిలోమీటర్లు వెళుతుంది. 3,500 టన్నుల రేకు, అంటే ఒక పూర్తి గూడ్స్ రైలు, వెయ్యి కిలోమీటర్లు వెళితే రోడ్డు మీద 43,000 లీటర్లకు పైగా మిగులుతుంది. లారీలు ఖాళీగా తిరిగొచ్చే డీజిల్ దీనికి అదనం.

అయినా స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్ళలో 80 శాతానికి పైగా ఉన్న రైళ్ళ వాటా ఇప్పుడు మూడో వంతుకన్నా తక్కువకు పడిపోయింది. జాతీయ రైలు ప్రణాళిక 2030 నాటికి 45 శాతం అంటోంది. అది ఎందుకు కష్టమో గూడ్స్ షెడ్డు దగ్గర నిలబడితే తెలుస్తుంది.

రైల్వే అమ్మేది రేకు. అంటే 40 నుంచి 58 వ్యాగన్లు ఒక్కరే నింపాలి. బొగ్గు, ఇనుప ఖనిజం, సిమెంటు కంపెనీలకు అది తేలిక. గుంటూరులో 15 టన్నుల మిర్చి పంపాల్సిన వ్యాపారికి ఆ దారే లేదు. రేకు కావాలని ఇండెంటు పెట్టాక అది ఏ రోజు వస్తుందో, బయల్దేరాక ఎప్పుడు చేరుతుందో చెప్పేవారుండరు. గూడ్స్ రైళ్ళ సగటు వేగం చాలాకాలం గంటకు 25 కిలోమీటర్ల చుట్టూనే తిరిగింది. ఇంజిన్ నెమ్మది కాదు, ప్రయాణికుల రైలుకు దారివ్వడానికి లూప్ లైన్లో ఆగిపోవడమే కారణం. షెడ్డుకు చేర్చేటప్పుడు ఒక లారీ, హమాలీ, దిగాక మరో హమాలీ, మరో లారీ. లారీలో అయితే ఎక్కించేది ఒకసారి, దించేది ఒకసారి. వీటన్నిటి పైన, ప్రయాణికుల చార్జీల నష్టాన్ని రైల్వే సరుకు రవాణా మీద వేసి పూడ్చుకుంటుంది. అంటే ఎలక్ట్రిక్ రైల్లో వెళ్ళే సరుకు సాటి ప్రయాణికుడి టిక్కెట్టు కూడా మోస్తోంది. డీజిల్ లారీకి ఆ బరువు లేదు. చార్జీలు పెంచే ధైర్యం ఏ ప్రభుత్వానికీ లేదు గనక ఈ నష్టాన్ని బడ్జెట్టులో విడిగా చూపించి భరించడమొకటే నిజాయతీ ఉన్న మార్గం.

ఇవేవీ పట్టాల లోపాలు కావనడానికి రుజువు రేణిగుంటలోనే ఉంది. 2020 మార్చిలో మొదలైన దూద్ దురంతో రేణిగుంట నుంచి ఢిల్లీ హజ్రత్ నిజాముద్దీన్‌కు పాల ట్యాంకర్లు తీసుకెళుతుంది. ఒక్కో రైలు ట్యాంకర్లో 40,000 లీటర్ల పాలు పడతాయి. 20,000 లీటర్ల లారీ ట్యాంకర్లతో పోలిస్తే ఆరు ట్యాంకర్ల రైలు పన్నెండు లారీలకు సమానం. 2,300 కిలోమీటర్లు వెళ్ళి ఖాళీగా తిరిగి రావాల్సిన పన్నెండు లారీల డీజిల్ దాదాపు 14,000 లీటర్లు. ఈ రైలు నిలబడటానికి కారణం సబ్సిడీ కాదు. దానికి టైముంది, ఎక్స్‌ప్రెస్ వేగముంది. పాలు విరిగిపోయే సరుకు కాబట్టి టైము తప్పనివ్వలేదు, అంతే. అదే 2020లో సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి పండ్లతో బయల్దేరిన కిసాన్ రైలు ప్రధానంగా కిరాయిలో 50 శాతం రాయితీ మీద నడిచింది. రాయితీ మీద నిలబడ్డ సర్వీసు రాయితీ ఉన్నన్నాళ్ళే ఉంటుంది. రైలుకు టైముంటే వ్యాపారి తనే వస్తాడు.

టైముండాలంటే సరుకు రైళ్ళకు విడి దారి కావాలి. లూధియానా నుంచి సోన్‌నగర్ దాకా 1,337 కిలోమీటర్ల తూర్పు ప్రత్యేక సరుకు రవాణా కారిడార్ 2023లో పూర్తయింది. దాద్రీ నుంచి ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టు దాకా 1,506 కిలోమీటర్ల పశ్చిమ కారిడార్‌లో కరెంటు తీగను ఏడున్నర మీటర్ల ఎత్తులో కట్టారు. కంటైనర్ మీద కంటైనర్ పెట్టి ఎలక్ట్రిక్ ఇంజిన్‌తోనే లాగొచ్చు. మామూలు మార్గాల్లో తీగ ఆ ఎత్తులో ఉండదు కనక ఒక వరసే. ఆ మార్గంలో రేవాడీ, పాలన్‌పూర్ మధ్య లారీలనే రైలెక్కించి తీసుకెళుతున్నారు. హమాలీ ఖర్చు లేదు, డ్రైవరుకు విశ్రాంతి, ఆ దూరం మేర డీజిల్ సున్నా.

తెలుగు రాష్ట్రాలకు ఇందులో దక్కింది ప్రకటన మాత్రమే. ఖరగ్‌పూర్ – విజయవాడ తూర్పు తీర కారిడార్, ఇటార్సీ – విజయవాడ ఉత్తర దక్షిణ ఉపకారిడార్ 2021 బడ్జెట్టులో వినిపించాయి. కోల్‌కతా – చెన్నై ప్రధాన మార్గం మీదే విశాఖ, గంగవరం, కాకినాడ, కృష్ణపట్నం పోర్టుల సరుకు చాలావరకు ఆధారపడి ఉంది. అక్కడ దారి దొరకని సరుకు పక్కనే 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతుంది. ఆ రహదారిని ఆరు, ఎనిమిది వరసలకు పెంచడానికి దొరికే డబ్బు పట్టాలకు దొరకదు. మూడో లైను పనులు విజయవాడ – గూడూరు, కాజీపేట – విజయవాడ మార్గాల్లో సాగుతున్నాయి. అవి పూర్తయినా కొత్త లైను మీద ప్రయాణికుల రైళ్ళే పెంచితే చమురు లెక్కలో మార్పుండదు. రోజుకు ఇన్ని టైమ్‌టేబుల్ గూడ్స్ స్లాట్లు అని ముందే రాసిపెట్టుకోవాలి.

కరెంటు లారీ ఎక్కడ గిట్టుబాటు

రైలు చేరని చోటు ఎప్పుడూ ఉంటుంది. 300 కిలోమీటర్ల లోపు దూరాలకు రైలు లాభం కూడా కాదు. అక్కడ ఎలక్ట్రిక్ లారీ పనికొస్తుంది. కానీ ఎక్కడపడితే అక్కడ కాదు.

లెక్క ఇలా ఉంటుంది. 55 టన్నుల ఎలక్ట్రిక్ ట్రైలర్ లోడుతో కిలోమీటరుకు ఒకటిన్నర యూనిట్లు, ఖాళీగా ఒకటి లోపు తీసుకుంటుంది. రానూపోనూ సగటు 1.25 అనుకుందాం. రోజుకు 200 కిలోమీటర్లు తిరిగితే 250 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలైతే 2,000. అదే దూరానికి డీజిల్ 67 లీటర్లు, లీటరు 95 రూపాయల లెక్కన 6,300. రోజుకు మిగిలేది 4,300, ఏడాదికి 13 లక్షలు. కొనే ధరలో తేడా 80 లక్షలు అనుకుంటే, కేంద్రం సాయం పోను 70 లక్షలు. వడ్డీ కలపకుండానే అయిదేళ్ళు దాటుతుంది. ఏ ఓనరూ ముందుకు రాడు. రోజుకు 350 కిలోమీటర్లు తిరిగితే అదే బండి మూడేళ్ళు దాటగానే తేడా తీర్చేసుకుంటుంది. బ్యాటరీ వారంటీ అయిదేళ్ళు లేదా 5 లక్షల కిలోమీటర్లు ఉండాలని పథకమే చెబుతోంది కనక, వారంటీ లోపలే లాభంలో పడొచ్చు.

రోజుకు 350 కిలోమీటర్లు ఖాయంగా తిరిగేవి, ఒకే దారిలో, రెండు కొసలా చార్జింగ్ పెట్టగలిగేవి వెతకాలి. గంగవరం, కృష్ణపట్నం నుంచి బొగ్గు మోసే బండ్లు, ఉమ్మడి నల్గొండలో సిమెంటు ఫ్యాక్టరీల నుంచి హైదరాబాద్ గోదాములకు వచ్చే బల్కర్లు, కంటైనర్ డిపోల ట్రైలర్లు. అక్కడ లోడు ఎక్కేలోపే, దిగేలోపే గంటన్నర చార్జింగ్ దొరుకుతుంది. కిరాయి ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్ళే నేషనల్ పర్మిట్ లారీకి ఇప్పుడే కరెంటు బండి అంటగట్టడం ఓనర్ని ముంచడమే.

ఓనర్లలో ఎక్కువమందికి ఉన్నవి అయిదులోపు బండ్లు. వాయిదాల మీద కొన్నవి. పీఎం ఈ-డ్రైవ్ సాయం రావాలంటే పాత లారీని తుక్కు చేసిన సర్టిఫికెట్ చూపాలి. పెద్ద కంపెనీ ఆ సర్టిఫికెట్ కొనుక్కోగలదు. మూడు లారీల ఓనరు తన పాత బండి తుక్కుకిస్తే వచ్చేది ఇనుము ధర, సెకండ్ హ్యాండ్‌లో అమ్మితే దానికి ఎన్నో రెట్లు. నిబంధన పెట్టినవారి ఉద్దేశం మంచిదే, ఫలితం మాత్రం సాయమంతా పెద్ద ఫ్లీట్లకే చేరడం. ఫైనాన్స్ కంపెనీలదీ ఇదే కథ. అయిదేళ్ళ తర్వాత ఎలక్ట్రిక్ లారీ ఎంతకు అమ్ముడవుతుందో తెలియక వడ్డీ ఎక్కువ వేస్తాయి, వాయిదాల గడువు తగ్గిస్తాయి. అప్పు మునిగితే వచ్చే మొదటి నష్టంలో కొంత భాగం ప్రభుత్వం భరిస్తానని గ్యారంటీ ఇస్తే, అదే సొమ్ముతో నేరు సబ్సిడీకన్నా ఎక్కువ బండ్లు రోడ్డెక్కుతాయి.

డీజిల్‌తోనే నడిచే లారీలు ఇంకో పదిహేనేళ్ళు ఉంటాయి. వాటి మైలేజీకి ప్రమాణాలు 2017లో నోటిఫై చేసి, అమలును వాయిదాలు వేస్తూ 2023 ఏప్రిల్‌కు తెచ్చారు. అవి కూడా స్థిర వేగంతో పరీక్షించేవి. గేర్లు మారుస్తూ, టోల్ గేట్ల దగ్గర ఆగుతూ, ఘాట్లు ఎక్కుతూ వెళ్ళే లారీకి ఆ అంకె పెద్దగా పనికిరాదు.

బస్సు: మార్చడమా, చేర్చడమా

పీఎం ఈ-డ్రైవ్ కింద 14,028 ఎలక్ట్రిక్ బస్సులకు 4,391 కోట్లు కేటాయించారు. హైదరాబాద్‌కు 2,000 ఖరారు చేశారు. సిటీ డీజిల్ బస్సు లీటరుకు నాలుగున్నర కిలోమీటర్లిస్తూ రోజుకు 200 కిలోమీటర్లు తిరిగితే 45 లీటర్లు. 2,000 బస్సులు 330 రోజులు తిరిగితే 3 కోట్ల లీటర్లు ఆగుతాయి. దేశం డీజిల్‌లో ఇది నలకంత. కానీ బస్సు విలువ అది తాగని డీజిల్‌లో కన్నా, అది రోడ్డు మీద నుంచి తప్పించే బైకుల పెట్రోల్‌లో ఉంది.

ఒక బస్సులో సగటున 40 మంది ఉంటే రోజుకు 8,000 ప్రయాణికుల కిలోమీటర్లు. అందులో పావు వంతు, బస్సు లేకపోతే బైకెక్కేవారిది అనుకోండి. బైకుకు 1.2 మంది, లీటరుకు 45 కిలోమీటర్ల లెక్కన 37 లీటర్ల పెట్రోల్. అంటే డీజిల్ బస్సు తీసేసి ఎలక్ట్రిక్ బస్సు పెడితే 45 లీటర్లు ఆగుతాయి. ఉన్నదాన్ని ఉంచి ఎలక్ట్రిక్ బస్సును అదనంగా వేసినా 37 లీటర్లు ఆగుతాయి, పైగా ఫుట్‌బోర్డు మీద వేలాడేవారికి సీటు దొరుకుతుంది. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ప్రమాణం ప్రకారం వెయ్యి మందికి 0.6 బస్సులుండాలి. కోటి దాటిన హైదరాబాద్‌కు కనీసం 6,000. ఉన్నవి అందులో సగం చుట్టూనే. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి మొదలయ్యాక బస్సులు కిక్కిరిశాయి. మహిళలు ఎక్కడం ఈ పథకాల విజయం. బస్సులు పెంచకపోవడంతో చోటు దొరకని మగవారు బైకెక్కితే, ఉచిత ప్రయాణం చేసిన చమురు మేలు అక్కడికక్కడే చెల్లు. అందుకే వచ్చే ఎలక్ట్రిక్ బస్సులకు సమానంగా పాతవి తీసేయడం తొందరపాటు.

ఈ బస్సులు ఆర్టీసీలు కొనవు. తయారీదారో ఆపరేటరో కొని, డ్రైవర్ని పెట్టి నడిపితే ఆర్టీసీ కిలోమీటరుకు ఇంత అని చెల్లిస్తుంది. కండక్టరు, టిక్కెట్టు డబ్బు ఆర్టీసీవి. ఒప్పందం సాధారణంగా పన్నెండేళ్ళు. 2022లో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ సీఈఎస్‌ఎల్ పిలిచిన ఉమ్మడి టెండర్లో 12 మీటర్ల బస్సుకు 43.49 రూపాయల దాకా రేటు దిగింది. ఈ పద్ధతి దెబ్బతినేది రెండు చోట్ల. ఒకటి, చెల్లింపులు. ఆర్టీసీల బకాయిల చరిత్ర చూసి బ్యాంకులు ఆపరేటర్లకు అప్పివ్వవు, ఇచ్చినా ఆ భయం రేటులో కలిసిపోతుంది. 2024 సెప్టెంబరులో కేంద్రం 3,435 కోట్లతో చెల్లింపుల భద్రత నిధి పెట్టింది ఇందుకే. ఆర్టీసీ కట్టకపోతే నిధి నుంచి ముందు చెల్లించి, తర్వాత రాష్ట్రం ఖాతా నుంచి రాబట్టుకుంటారు. బస్సుల మీద ఇప్పటిదాకా వచ్చిన పథకాల్లో తెలివైనది ఇదే అనిపిస్తుంది.

రెండోది డిపో. వంద బస్సులు రాత్రి ఆరు గంటల్లో తలా 240 యూనిట్లు ఎక్కించుకోవాలంటే 4 మెగావాట్లు కావాలి. మన డిస్కమ్ నిబంధనల్లో 1,500 కేవీఏ దాటితే 11 కేవీ లైను సరిపోదు, 33 కేవీ కావాలి. సబ్‌స్టేషన్‌లో ఖాళీ ఉందా, కేబుల్ ఏ రోడ్డు కింద వెళ్ళాలి, తవ్వడానికి మున్సిపాలిటీ అనుమతి, ట్రాన్స్‌ఫార్మర్ ఆర్డరు: వీటికి నెలలు పడతాయి. బస్సుల టెండర్ తర్వాత కరెంటుకు దరఖాస్తు పెడితే బస్సులు వచ్చి ఎండలో నిలబడతాయి. డిపో కనెక్షన్ మంజూరయ్యాకే బస్సుల సరఫరా గడువు మొదలవ్వాలని ఒప్పందంలో రాసుకోవాలి. తిరుపతిలో 2022లో వచ్చిన వంద ఎలక్ట్రిక్ బస్సుల్లో చాలావాటిని తిరుమల ఘాట్ మీద వేయడం మాత్రం దారిని చూసి బండిని ఎంచిన మంచి నిర్ణయం. కొండ దిగేటప్పుడు మోటారే జనరేటరై కొంత కరెంటును బ్యాటరీకి తిరిగిస్తుంది. బ్రేకులూ తక్కువ అరుగుతాయి.

బైకుల సంగతి

బైకుల్లోనూ కిలోమీటర్లు చూడాలి. ఇంటి బైకు రోజుకు అర లీటరు తాగితే, రోజుకు 110 కిలోమీటర్లు తిరిగే డెలివరీ బైకు రెండున్నర లీటర్లు తాగుతుంది. ఒక డెలివరీ బండి అయిదు ఇళ్ళ బండ్లకు సమానం. ఢిల్లీ ప్రభుత్వం 2023లో తెచ్చిన అగ్రిగేటర్ల పథకం ట్యాక్సీ, డెలివరీ కంపెనీల బండ్లన్నీ 2030 ఏప్రిల్ 1 నాటికి ఎలక్ట్రిక్ కావాలంటోంది. ఏటా కొత్తగా చేరే వాటిలో ఇంత శాతం అని మెట్లు కూడా ఉన్నాయి. ఇలాంటి నిబంధన రాయడానికి హైదరాబాద్‌కు, విశాఖకు ఖజానా నుంచి రూపాయి ఖర్చు కాదు. బండి మార్పు భారం పార్ట్‌నర్ పేరుతో తిరిగే కుర్రాడి మీద పడకుండా కంపెనీ మీదే ఉంచాలి, అంతే. నెల అద్దెకు బండి, బ్యాటరీ మార్చుకునే కేంద్రం ఉంటే అతనికీ రోజుకు పెట్రోల్ డబ్బులో సగానికి పైగా మిగులుతుంది.

కార్లకు 2017 నుంచి మైలేజీ ప్రమాణాలున్నాయి. అవీ బరువును బట్టి సడలేవే. బరువైన ఎస్‌యూవీలు ఎక్కువ అమ్మే కంపెనీకి లక్ష్యం తేలికవుతుంది. 61 శాతం పెట్రోల్ తాగే ద్విచక్ర వాహనాలకు అలాంటి ప్రమాణమే పెట్టలేదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బైకుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఎలక్ట్రిక్‌కు 5 శాతమే ఉంది, అయినా 80,000 బైకుకు 8,000 రూపాయల తేడా ఒక్క రోజులో కరిగిపోయింది. సామాన్యుడికి ఊరట అన్నది నిజమే. చమురు కోణంలో అది వెనకడుగు అన్నదీ నిజమే.

ఇథనాల్ చేసింది, చేయలేనిది

2022లో పెట్రోల్లో 10 శాతం, 2025లో 20 శాతం ఇథనాల్. లక్ష్యాన్ని గడువుకు ముందే చేరిన అరుదైన పథకం ఇది. కానీ లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో మూడింట రెండు వంతులే. ఏటా కలిపే వెయ్యి కోట్ల లీటర్లు 660 కోట్ల లీటర్ల పెట్రోల్‌కు సమానం. పెట్రోల్, డీజిల్ కలిపి వాడే 16,400 కోట్ల లీటర్లలో ఇది 4 శాతం. తక్కువేమీ కాదు. పాత కార్లలో మైలేజీ 6, 7 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నాటి నివేదికే చెప్పింది. బంకులో ధర మాత్రం తగ్గలేదు. జనం కోపం అర్థం చేసుకోదగ్గదే.

ఇంకా పెంచుదామంటే నేల అడ్డొస్తుంది. మొక్కజొన్న ఎగుమతి చేసే దేశం 2024లో దిగుమతి చేసుకునే దేశమైంది. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీలు వద్దని జనం రోడ్డెక్కారు. ఎకరంలో 25 క్వింటాళ్ళ మొక్కజొన్న పండితే 950 లీటర్ల ఇథనాల్. దానితో కారు సుమారు 9,500 కిలోమీటర్లు వెళుతుంది. రెండు పంటలైతే 19,000. అదే ఎకరంలో సోలార్ పలకలు పెడితే ఏడాదికి 3.75 లక్షల యూనిట్లు వస్తాయి. నిల్వలో, సరఫరాలో పావు వంతు పోయినా ఎలక్ట్రిక్ కారు దాదాపు 20 లక్షల కిలోమీటర్లు తిరుగుతుంది. వంద రెట్లు. 20 శాతం దగ్గర ఆగి, ఆపైన పెట్టే డబ్బును కరెంటు వైపు మళ్ళించడమే మేలు.

సీఎన్‌జీ గురించి ఒక్క మాట చాలు. దేశం వాడే సహజ వాయువులో సగం దాకా ఎల్‌ఎన్‌జీ రూపంలో బయటి నుంచే వస్తోంది. గాలి శుభ్రపడుతుంది, దిగుమతి రూపం మారుతుంది.

బ్యాటరీ సెల్స్ చైనా నుంచి వస్తున్నాయి కదా, ఒక ఆధారం పోయి మరో ఆధారం రాదా అన్న ప్రశ్న సరైనదే. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన లోహాల అయస్కాంతాల ఎగుమతి బిగిస్తే మన బైకు ఫ్యాక్టరీలు ఇబ్బంది పడ్డాయి. అయితే తేడా ఉంది. చమురు ఆగితే, నిల్వలు అయిపోగానే నడిచే బండ్లు ఆగిపోతాయి. అయస్కాంతాలు ఆగితే కొత్త బండ్ల తయారీ ఆగుతుంది, రోడ్డు మీదున్నవి తిరుగుతూనే ఉంటాయి.

రాష్ట్రాల ఖజానా చిక్కు

ఇన్ని చెప్పాక కూడా రాష్ట్రాలు లీటర్లు తగ్గించాలని గట్టిగా ఎందుకు కోరుకోవో తెలియాలంటే వ్యాట్ చూడాలి. తెలంగాణలో పెట్రోల్ మీద వ్యాట్ 35.2 శాతం. లీటరు 107 రూపాయలున్నప్పుడు అందులో దాదాపు 28 రూపాయలు రాష్ట్రానికి. ఒక బైకు కరెంటుకు మారితే ఏటా 5,000 ఆదాయం పోతుంది, ట్రైలర్ మారితే లక్షల్లో. దేశంలోని రాష్ట్రాలన్నీ పెట్రోలియం వ్యాట్ ద్వారా 2023-24లో తెచ్చుకున్నది 3 లక్షల కోట్లకు దగ్గరగా ఉంది. కేంద్రం వేసే ఎక్సైజులో ఎక్కువ భాగం సెస్సులే కనక అందులో వాటా రాదు. చమురు మీద రాష్ట్రాలకు ఉన్న ఆధారం ఇదొక్కటే. చమురు తగ్గాలని ఉపన్యాసం, బడ్జెట్టులో పెట్రోల్ వ్యాట్ పెరుగుదల అంచనా ఒకే సభలో వినిపిస్తాయి.

దీనికి ఇప్పటినుంచే ప్రత్యామ్నాయం వెతకాలి. బండి బరువును, తిరిగిన దూరాన్ని బట్టి ఏటా చిన్న రోడ్డు రుసుము అన్నది ఒక దారి. ఏ ఇంధనంతో నడిచినా రోడ్డు అరుగుతుంది కదా. మొదట్లో ఎలక్ట్రిక్ వాణిజ్య వాహనాలకు సున్నా, ఖరీదైన కార్లకు పూర్తి రేటు పెట్టి, పదేళ్ళలో అందరికీ సమానం చేయొచ్చు.

ఆ రుసుముకైనా, పైన చెప్పిన సబ్సిడీల మార్పుకైనా కావాల్సింది ఓడోమీటర్ రీడింగు. వాహన్ పోర్టల్లో ఏ బండి ఎప్పుడు రిజిస్టరైందో నిమిషంలో దొరుకుతుంది, ఏడాదికి ఎంత తిరుగుతుందో దొరకదు. వాణిజ్య వాహనాలు ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్‌కు వస్తాయి. మిగిలిన పెట్రోల్, డీజిల్ బండ్లు పొల్యూషన్ సర్టిఫికెట్‌కు వస్తాయి. రెండు చోట్లా రీడింగు ఫొటో తీసి వాహన్‌లో ఎక్కించడం తప్పనిసరి చేస్తే రెండేళ్ళలో ఏ జిల్లాలో, ఏ రకం బండి, ఎన్ని లీటర్లు తాగుతోందో దాదాపు కచ్చితంగా తేలుతుంది. పుష్కరం నాటి బంకు సర్వేతో పని ఉండదు. దీనికి చట్టం మార్చక్కర్లేదు, కేంద్ర రవాణా శాఖ నిబంధనల్లో ఒక సవరణ చాలు.